గాజులు తొడిగే అరచేతులు

కుప్పం,
14 జూన్ 1998

ఖాలాకు, ఖాదర్ వలి ఖాలూకు సలాం.

మూడు కార్డుల మీద రాస్తున్నాను. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేశాను. ఆ వరుసలోనే చదువు.

అమ్మ మదనపల్లె నుంచి రాసింది. తన సొంత చెల్లెలి సంగతి తనకే మొన్న తెలిసిందట. నీ అరచేతుల్లో, అరికాళ్ళలో చీము పొక్కులు లేస్తున్నాయట. రెండేళ్ళుగా దాస్తున్నావట. చేతికి గుడ్డ చుట్టుకొని, ఎవరైనా అడిగితే "పొయ్యి కాడ కాలింది" అంటున్నావట. రెండేళ్ళ పాటు రోజూ కాలే చెయ్యి ఎక్కడైనా ఉంటుందా ఖాలా? ఆ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. కోపం నీ మీద కాదు. కాదు, నీ మీదే.

ఈ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో చేరి ఏడాదిన్నర అయింది. పెళ్ళి పత్రికలు తప్ప పేర్చినదంతా చదువుతాను. పోయిన నెల గజ్జి, తామర, సెగగడ్డల మీద పదహారు పేజీల పుస్తకం మా దగ్గరే అచ్చయింది. మూడు సార్లు చదివాను. చీము ఉందంటే క్రిమి ఉన్నట్టే. క్రిమి ఉందంటే అంటుతుంది. మన జనం ఇంకా దిష్టి అనీ, పాము శాపమనీ కూర్చున్నారు గనకే దేశం ఇలా ఉంది.

చేయవలసింది విను. రోజుకు మూడు సార్లు మరిగిన నీళ్ళు ఓర్చుకోగలిగినంత వేడిలో పోసుకొని, డెట్టాల్ వేసి, కొబ్బరి పీచుతో రుద్ది కడుగు. పొక్కుల్ని సూదితో చిదిమి చీము తీసెయ్యి. నయమయ్యే దాకా ఏ ఆడమనిషి చెయ్యీ పట్టుకోవద్దు. నీ పని ఏమిటో నాకు తెలుసు. వాళ్ళ చెయ్యి నీ అరచేతిలో పెట్టి, బొటనవేలి మొదలు నొక్కి, గాజు ఎక్కిస్తావు. అందుకే చెప్తున్నాను. దాచడం సామాజిక నేరం.

నీ కోసం కొట్లాడే
అజ్మతుల్లా

*

పుంగనూరు,
2 జూలై 1998

అజ్మత్‌కు ఖాలా దువాలు.

నీ మూడు కార్డులూ అందినాయి. ఇకమీద కార్డు రాయకు నాయనా, ఇన్లాండు రాయి. పోస్టు పాపన్న గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, చీము ఉండాదంటే క్రిమి ఉండాదంట, మీ పిల్లోడు రాసినాడు" అని చెప్పి, కార్డులు నా చేతికి ఇయ్యకుండా అరుగు మీద పెట్టి పోయినాడు. రెండో కార్డు ముందు చదివినాడు, నంబర్లు చూడలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నువ్వు చదువుకున్నవాడివి, నేను అయిదో తరగతి. వేడి నీళ్ళు, డెట్టాల్, పీచు, సూది, అన్నీ. నాలుగో రోజుకు అరచేతులు బీటలు వారినాయి. ఇప్పుడు ఈ పెన్ను పట్టుకుంటే మంట పుడుతూ ఉంది, అందుకే అక్షరాలు వంకర. అరికాళ్ళు నేల మీద మోపలేను. మీ ఖాలూ రిక్షా పిలవనా అంటే, దొడ్లోకి పోవడానికి రిక్షా ఎందుకు అన్నాను.

ఇంకొకటి అడుగుతాను, కోప్పడకు. రెండేళ్ళుగా నేనూ మీ ఖాలూ ఒకే కంచంలో తింటున్నాం. ఆయనకు ఒక్క పొక్కు రాలేదు. నీ పుస్తకంలో ఆ సంగతి ఏమైనా ఉందా? క్రిమికి మీ ఖాలూ లాగా గిన్నెలకు కళాయి పూసేవాళ్ళంటే భయమా?

అసలు సంగతి ఇది. నేరం అని రాశావు కదా, అది మనసులో పట్టుకుంది. పోయిన బుధవారం గాజుల మలారం భుజాన వేసుకొని, కుంటుకుంటూ బస్సెక్కి పెద్దపంజాణికి పోయి, విజయమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. గుడ్డ విప్పి చూపించినాను. ఆమె మంచిది, తిట్టలేదు. "అట్లనా అజీజమ్మా, బాగయినాక రాపో" అన్నది. అంతే. పక్కింటి పిల్ల మాత్రం ముందు వారం నా దగ్గర తొడిగించుకున్న చెయ్యి బూడిద పెట్టి తోముకుంది. నా కళ్ళ ముందే.

విజయమ్మ పెళ్ళికి గాజులు తొడిగింది మా అత్త. ఆమె కూతురు మాలతి పెళ్ళికి తొడిగింది నేను. మాలతికి ఇప్పుడు అయిదో నెల. సెప్టెంబరులో సీమంతం. ఆ ఇంటికి గాజులమ్మ మేమే, అడగడం చెప్పడం ఉండదు. ఈసారి వెంకటగిరికోట నుంచి వేరే ఆమెను పిలిపిస్తున్నారంట. మిగతా ఊళ్ళు పోతే పోనీ, మాలతి చెయ్యి ఇంకొకరు పట్టుకుంటారంటే నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది.

చింతపండు పంపుతున్నాను, గింజ తీసింది.

మీ ఖాలా
అజీజాబీ

*

కుప్పం,
6 జూలై 1998

ఖాలా,

ఇన్లాండులోనే రాస్తున్నాను.

పీచు పారెయ్యి. సూది పారెయ్యి. నీ ఉత్తరం అందిన రోజు ఆ పదహారు పేజీలు మళ్ళీ చదివాను. అరచేతులకు, అరికాళ్ళకు మాత్రమే వచ్చి, పక్కవాళ్ళకు అంటకుండా ఏళ్ళ తరబడి ఉండే పొక్కుల గురించి అందులో ఒక్క ముక్క లేదు. పుస్తకం తప్పు కాదు. పుస్తకంలో లేని జబ్బుకు పుస్తకం వాడింది నేను. మా ప్రెస్సు యజమాని వెంకటేశులు గారు విని, "నువ్వు డాక్టరువా, కంపోజిటరువా?" అన్నారు.

మదనపల్లెకు పో. చర్మానికి వేరుగా చూసే డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం ఉంటుందట, అమ్మ తోడు వస్తుంది. నెల జీతంలో నుంచి డబ్బు పంపాను, అందింది అని రాయి చాలు, ఎంత అని రాయకు, అమ్మ చదువుతుంది.

మాలతి సీమంతం దాకా ఇంకా రెండు నెలలు ఉంది. ఈ లోపల చేయవలసింది చేస్తాం.

అజ్మతుల్లా

*

పుంగనూరు,
25 జూలై 1998

అజ్మత్‌కు దువాలు.

పోయి వచ్చాను. మీ అమ్మ బస్సులో కిటికీ పక్క సీటు తనకే కావాలన్నది, యాభై ఏళ్ళొచ్చినా ఆ బుద్ధి పోలేదు.

డాక్టరమ్మ చిన్న వయసుది. నేను గుడ్డ విప్పి చేతులు దూరంగా పెట్టి చూపిస్తే, ఆమె కుర్చీ ముందుకు జరుపుకొని రెండు అరచేతులూ తన చేతుల్లోకి తీసుకున్నది. రెండేళ్ళలో మీ ఖాలూ తప్ప గుడ్డ అడ్డం లేకుండా నా అరచెయ్యి ముట్టుకున్న మనిషి ఆమే. నాకు ఏడుపొచ్చింది. మీ అమ్మ, "నొప్పి పుడతాండాదా?" అని అడిగింది. అవునన్నాను.

ఒక పొక్కు లోంచి రవ్వంత తీసి గాజు పలక మీద రుద్ది లోపలికి పంపినారు. చర్మం కూడా గీకి చూసినారు. తామర కాదంట. ఆ చీములో క్రిమే లేదంట. చూసేదానికి చీమే, కానీ బయటి నుంచి వచ్చింది కాదు. మన ఒంట్లో కాపలా కాసే కణాలు ఉంటాయంట, అవి దొంగ లేకుండానే లేచి అరచేతుల్లో గుమిగూడతాయంట. తెల్లగా లేస్తాయి, పసుపు అవుతాయి, గోధుమరంగు చుక్కలై ఎండి పొట్టు రాలిపోతాయి. మళ్ళీ కొత్తవి. నాకు జరిగేది అచ్చం అదే. ఆమె చెప్తూ ఉంటే నా చేతులను నా కన్నా ముందు నుంచి చూస్తున్నట్టు అనిపించింది.

ఎవరికీ అంటదు. మురికి వల్ల రాదు. ఎందుకొస్తుందో ఇంకా పూర్తిగా తెలియదన్నది. తెలియదు అని ఒక డాక్టరు నోటితో వినడం నాకు ఇదే మొదలు. పూర్తిగా పోతుందా అని అడిగాను. "తగ్గతాది, మళ్ళీ వస్తాది, మనం దాన్ని అదుపులో పెట్టుకుంటాం అమ్మా" అన్నది.

వేడి నీళ్ళు వద్దు, డెట్టాల్ వద్దు, చిదమొద్దు. చెయ్యి కడిగిన ప్రతిసారీ తడి అద్దుకొని వ్యాజలీను రాయాలి. పడుకునే ముందు ఆమె రాసిచ్చిన ఆయింట్‌మెంటు పూసి, పలుచని ప్లాస్టిక్ కవరు చుట్టాలి. అది బలమైన మందు, ఆమె చెప్పినన్ని రోజులే, నా ఇష్టానికి కాదు. కాళ్ళకు నూలు సాక్సులు, మెత్తని చెప్పులు. గాజుల ఆమె సాక్సులేసుకొని తిరిగితే ఎట్లుంటుందో నువ్వే చూద్దువు గాని. తగ్గకపోతే మాత్రలు ఉన్నాయంట, ఇప్పుడే వద్దన్నది.

ఇంకో మాట. బీడీకీ ఈ జబ్బుకూ చుట్టరికం ఉందంట. మానితే రేపే తగ్గుతుందని కాదు గానీ, మానకపోతే మందులు ఒక పక్క లాగితే అది ఒక పక్క లాగుతుందంట. ఇంట్లో బీడీ ఆగింది.

మీ ఖాలా

*

కుప్పం,
4 ఆగస్టు 1998

ఖాలా, ఖాలా, ఖాలా,

నీ ఉత్తరం ఎనిమిది సార్లు చదివాను. అంటదు. ఈ మాట పెద్దపంజాణిలో ప్రతి గడపకూ తెలియాలి. నా వల్ల పుట్టిన అబద్ధాన్ని నేనే చంపాలి. కాబట్టి నీకు ముందుగా చెప్పకుండా ఒక పని చేశాను, సంతోషిస్తావు.

పెళ్ళి పత్రికల పనిలో మిగిలిన గులాబీ రంగు కాగితం వెంకటేశులు గారిని అడిగి తీసుకొని, రాత్రింబగళ్ళు పేర్చి అయిదు వందల కరపత్రాలు వేశాను. ఆదివారం బస్సెక్కి పెద్దపంజాణి పోయి బస్సు ఆగే చోట నిలబడి పంచాను. ఒకటి ఇందులో మడిచి పెట్టాను. పై వాక్యం లావు అక్షరాల్లో ఉంది చూడు: "పుంగనూరు గాజుల అజీజాబీ గారి చేతుల జబ్బు అంటువ్యాధి కాదు." కింద డాక్టరమ్మ మాటలన్నీ నీ ఉత్తరంలోవే. చివరి పేరా నా సొంతం. ఆడవాళ్ళు కష్టపడి తిరుగుతూ ఉంటే మగవాళ్ళు ఇంట్లో కూర్చుని వదిలే పొగ వాళ్ళ అరచేతుల్లో పొక్కులై లేస్తోందని, భర్త ఖాదర్ వలి బీడీయే ఇందుకు సాక్ష్యమని, పురుషాహంకారం ఆరిపోవాలని రాశాను.

ఖాలూ, మీరు ఇది చదువుతుంటే నొచ్చుకోవద్దు. నొచ్చుకున్నా పరవాలేదు. నిజం ఎవరి ముఖం చూసీ ఆగదు. మానేశారని ఖాలా రాసింది, అందుకు అభినందనలు.

అజ్మతుల్లా

*

పుంగనూరు,
20 ఆగస్టు 1998

అజ్మత్,

పదిహేను రోజులు కోపం చల్లారనిచ్చి రాస్తున్నాను.

ఇంతకు ముందు నా చేతుల సంగతి తెలిసింది ఒక విజయమ్మకు, ఆ వీధికి, మూడు ఊళ్ళకు. ఇప్పుడు బైరెడ్డిపల్లె బస్సులో కూడా తెలుసు. పెద్దపంజాణి టీ అంగట్లో నీ కాగితాల్లో బోండాలు చుట్టి ఇస్తున్నారు. నా పేరు మీద నూనె. చదివినవాళ్ళలో సగం మందికి 'అజీజాబీ', 'జబ్బు' అనే రెండు మాటలే గుర్తున్నాయి. కింద ఏముందో ఎవరికి కావాలి? నన్ను అడిగి ఉంటే ఈ మాట చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు.

అది సరే. మీ ఖాలూ సంగతి విను. నమాజు నుంచి వస్తుంటే నలుగురు ఆపి, "ఏం ఖాదర్, పెండ్లాం చేతులకు పొగబెట్టినావంటనే" అని నవ్వినారు. ఆయన ఇంటికి వచ్చి, కాగితం నా ముందర పెట్టి, తపేలాకు కళాయి పెట్టుకుంటూ కూర్చున్నారు.

"అంతా చదివినారా?" అన్నాను.

"చదివినా. అక్షరాలు చక్కగా ఉండాయి" అన్నారు.

"వాళ్ళకు చెప్పకపోయినారా?"

"నిన్ను చూపించి నేను తప్పించుకోవాల్నా?"

అజ్మత్, ఆయన జన్మలో బీడీ ముట్టలేదు. ఆ బీడీలు నావి.

పద్దెనిమిదేళ్ళ కిందట పంటినొప్పితో మలారం మోసుకుంటూ పోతూ ఉంటే, చేలో కలుపు తీసే ముసలామె ఒకటి ఇచ్చింది. నొప్పి పోయింది, బీడీ నిలిచింది. ఊరికీ ఊరికీ నడుమ గట్టు మీద, దారికి వీపు పెట్టి, కొంగు అడ్డం పెట్టుకొని. రోజుకు నాలుగు, ఒక్కోసారి ఆరు. ఆడమనిషి అంగట్లో నిలబడి అడగలేదు కదా, అందుకని మీ ఖాలూ తన పేరు మీద కొని తెచ్చేవారు. అంగడివాడిని అడిగినా ఆయన తాగుతాడనే చెప్తాడు. డాక్టరమ్మ అడిగితే మీ అమ్మ చూడకుండా తల ఊపినాను. నీకు రాయాలంటే సిగ్గేసి, ఇంట్లో బీడీ ఆగింది అని రాశాను. అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఆడవాళ్ళూ మగవాళ్ళూ సమానమని నువ్వు గులాబీ కాగితం మీద అచ్చు వేస్తావు. మీ ఖాలా బీడీ తాగుతుందని మాత్రం ఎందుకు అనుకోలేదు నాయనా?

అజీజాబీ

*

కుప్పం,
25 ఆగస్టు 1998

ఖాలూ గారికి సలాం. ఈ ఉత్తరం మొదట మీకు. క్షమించమని అడిగే హక్కు లేదు, అయినా అడుగుతున్నాను. మీ ముందు నిలబడి అడగడానికి బక్రీదు దాకా ఆగను, వచ్చే ఆదివారం వస్తాను. కొట్టాలనిపిస్తే కొట్టండి.

ఖాలా, నీ చివరి ప్రశ్నకు మూడు రోజులు జవాబు వెతికాను. నాకు తెలిసిన స్త్రీలు అందరూ పుస్తకాల్లోని స్త్రీలేమో.

సవరణ అచ్చు వేద్దామని మొదట అనుకొని అక్షరాలు సగం పేర్చాను కూడా. తర్వాత విప్పేసి గళ్ళల్లో పోశాను. నువ్వు చెప్పే దాకా నీ పేరులో ఒక్క అక్షరం ముట్టుకోను.

మానేసి ఎన్ని రోజులైంది? కష్టంగా ఉందా? ఊరికే అడుగుతున్నాను, సలహా ఏమీ లేదు.

అజ్మత్

*

పుంగనూరు,
22 సెప్టెంబరు 1998

అజ్మత్‌కు దువాలు.

నువ్వు వచ్చి పోయినప్పటి నుంచి మీ ఖాలూ నీ నడక అనుకరించి నవ్విస్తున్నారు. తల దించుకొని వచ్చి గడప తట్టుకున్నావు కదా, అది.

నువ్వు అడిగావు, చెప్తాను. యాభై తొమ్మిది రోజులు. నడుమ ఒక రోజు తప్పినాను. వాన, ఖాళీ మలారం, గట్టు మీద కూర్చుంటే చెయ్యి దానంతట అదే కొంగు ముడిలోకి పోయింది. ఒకటి తాగి మిగతావి బురదలో తొక్కినాను. డాక్టరమ్మకు చెప్తే తిట్టలేదు, రేపటి నుంచి మళ్ళీ లెక్క పెట్టుకోమన్నది. నేను ఆ ఒక్కటి తీసేసి లెక్క పెట్టినాను, ఏమంటావు?

మొన్న ఆదివారం మాలతి సీమంతం. విజయమ్మ మనిషిని పంపింది, "భోజనానికి రమ్మన్నారు" అని. గాజులకు కాదు, భోజనానికి. పోకూడదని అనుకున్నాను. మీ ఖాలూ, "బిడ్డను చూసి రాపో" అన్నారు. మలారం లేకుండా ఆ ఇంటికి పోవడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

హాలు నిండా ఆడవాళ్ళు. మాలతి చాప మీద కూర్చుంది, వెంకటగిరికోట కుప్పమ్మ ఆకుపచ్చ గాజులు పరుచుకొని ఉంది. నేను తలుపు పక్కన కూర్చున్నాను. విజయమ్మ అత్త గౌరమ్మ అవ్వ, నీకు గుర్తుందో లేదో, మెల్లగా మాట్లాడడం ఆమెకు చేతకాదు. ఆ మూల నుంచి ఈ మూలకు అరిచింది:

"ఏం అజీజా, మీ ఆయప్ప బీడీ మానినాడా?"

అందరూ నా వైపు తిరిగినారు. కొంతమంది ముసిముసిగా నవ్వినారు. నీ కాగితం ఆ ఊళ్ళో బాగానే పని చేసింది. ఊ అంటే అయిపోయేది. మీ ఖాలూ కూడా ఊ అనమనే చెప్తారు. కానీ ఆయన తపేలా ముందు కూర్చున్న తీరు కళ్ళలో మెదిలింది.

"ఆయన తాగితే గదా అవ్వా మానేది. తాగింది నేను" అన్నాను.

కుప్పమ్మ చేతిలో గాజులు ఆగిపోయినాయి. అవ్వ లేచి, కట్టె పట్టుకొని నా దగ్గరకు వచ్చింది.

"మే, నిజంగా నీదేనా? మీ మొగుడు మోసినాడా పేరు?"

"మోసినాడు అవ్వా."

"సూడండే," అని అందరి వైపు తిరిగింది, "దీని మొగుడు బీడీ నిందను మోసినాడు. నేను దొడ్లో ఒక చుట్ట కాల్చుకుంటే నా కొడుకు ఊరంతా టముకు ఏస్తాడు." ఒకరు నవ్వినారు, తర్వాత ఇల్లంతా నవ్వింది. మాలతి పొట్ట పట్టుకొని నవ్వింది. అవ్వ ఆ నవ్వులోనే, "ఏదీ, సూపీ చేతులు" అన్నది.

గుడ్డ విప్పినాను. గోధుమరంగు చుక్కలు ఎండిపోయి పొట్టు రాలుతున్నాయి. కుడి చేతిలో మాత్రం కొత్తవి రెండు ఉన్నాయి. అవి కూడా దాచలేదు. గాజు పలక మీద చూసినారు, క్రిమి లేదు, అంటదు, నాతో పాటు ఉంటుంది, వస్తుంది పోతుంది అని నాకు వచ్చిన మాటల్లో చెప్పినాను. నీ కాగితంలో ఉన్న మాటలే. కానీ అప్పుడు నా చేతులు వాళ్ళ ముందర ఉన్నాయి, ఏది కావాలంటే అది అడిగినారు. ఒకామె నొక్కితే నొప్పా అన్నది. ఇంకొకామె మా ఆయనకు కాలి పగుళ్ళు, అది ఇదేనా అన్నది. నాకు తెలియదు, డాక్టరమ్మకు చూపించమన్నాను. తెలియదు అనడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మాలతి, "నా పెండ్లికి నువ్వే తొడిగినావు. అప్పటికే ఉండిందా ఇది?" అని అడిగింది. ఉండిందన్నాను. "మరి నాకేం కాలేదే," అని కుడి చెయ్యి చాపింది.

కుప్పమ్మ నా ముఖం, విజయమ్మ ముఖం చూసి, గాజులు రెండు వాటాలు చేసింది. "ఎడమ చెయ్యి నేను పట్టుకుంటాను అక్కా, కుడిది నీది. పిల్ల చేతులు వాచి ఉండాయి, పాత చెయ్యి అయితే మేలు" అన్నది. ఎంత మంచి మనిషో. నెలలు నిండుతున్న పిల్ల చెయ్యి కదా, మెల్లగా బొటనవేలి కింద నొక్కుతూ, ఒక్కటీ చిట్లకుండా ఎక్కించాను. అరచేయి మండింది. మండనీ అనుకున్నాను.

అంతా అయిందని అనుకోకు. పది మంది తొడిగించుకున్నారు, పది మంది కుప్పమ్మ దగ్గరికే పోయినారు. విజయమ్మ నాకు చీర, సారె చేటలో పెట్టి ఇచ్చింది, తన చెయ్యి మాత్రం ఇయ్యలేదు. ఆమె మనసు ఆమెది.

మీ ఖాలా
అజీజాబీ

*

కుప్పం,
30 జనవరి 2000

ఖాలాకు, ఖాలూకు సలాం.

నెలకు ఒక ఉత్తరం రాస్తానని మాట ఇచ్చి మూడు నెలలు తప్పాను. ప్రెస్సులో కంప్యూటరు వచ్చింది, సీసం అక్షరాలు బస్తాల్లోకి ఎక్కాయి. వెంకటేశులు గారు నన్ను తీసెయ్యలేదు, నేర్చుకోమన్నారు. రోజూ దానితో కొట్లాడుతున్నాను.

పోయిన సారి నువ్వు రాసినప్పుడు అయిదు నెలలుగా పొక్కు లేదన్నావు. ఇప్పుడెలా ఉన్నాయి చేతులు?

అజ్మత్

*

పుంగనూరు,
9 ఫిబ్రవరి 2000

అజ్మత్‌కు దువాలు.

చేతులు అడిగావు. మళ్ళీ లేచినాయి. సంక్రాంతి బేరాల్లో తిరుగుడు ఎక్కువైంది, నిద్ర తక్కువైంది, రెండు వారాల కిందట ఎడమ అరచేతిలో చర్మం కింద చీమ పాకినట్టు దురద మొదలైంది. ఇప్పుడు నాకు ఆ దురద తెలుసు. లేవక ముందే వ్యాజలీను, ఆయింట్‌మెంటు, ప్లాస్టిక్ కవరు. మదనపల్లె పోయి చూపించుకొని వచ్చాను. డాక్టరమ్మ ముందు కన్నా చిన్నగానే లేచినాయన్నది. వానలో తాగిన ఆ ఒక్కటి తర్వాత బీడీ పదిహేడు నెలలుగా లేదు. దాని వల్లా, మందు వల్లా, దేవుడి వల్లా, ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఏదీ మానను. ముందు పొక్కులు లేస్తే నా మీద నేనే కసురుకునేదాన్ని. ఇప్పుడు వానకు తలుపు వేసుకున్నట్టు, చేయవలసింది చేసుకొని కూర్చుంటాను.

మొన్న బుధవారం మామూలుగా పెద్దపంజాణి పోయాను. మలారం దించి, విజయమ్మ అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పాను, ఈ రోజు చూపించడమే, తొడగడం లేదు, అరచేతులు నొప్పిగా ఉన్నాయి, పొట్టు రాలాక వస్తాను, తొందరగా ఉన్నవాళ్ళు కుప్పమ్మ దగ్గర తొడిగించుకోండి, రేపు ఆమె ఈ దారినే వస్తుంది అని. అంటుతుందని కాదు, నొప్పి అని. ఆ తేడా ఇప్పుడు ఎవరూ అడగరు.

మాలతి కొడుకు గాజుల పెట్టెలు లాగుతూ ఉంటే గౌరమ్మ అవ్వ కట్టె చూపించి బెదిరిస్తూ ఉంది. విజయమ్మ లోపలి నుంచి వచ్చింది. తమ్ముడి కూతురి పెళ్ళి, పద్దెనిమిదో తేదీ. ఎరుపు మీద బంగారు చుక్కలున్నవి రెండు డజన్లు ఏరింది. సీమంతం నుంచి ఆమె నా దగ్గర గాజులు కొంటుంది, కాగితంలో చుట్టించుకొని పోతుంది, సబ్బు రాసుకొని తానే ఎక్కించుకుంటుంది. నేను ఎప్పటిలాగే చుట్టబోయినాను.

"చుట్టొద్దు అజీజమ్మా," అన్నది. "నీకు ఎన్ని దినాలు పడతాది?"

"వారం, పది దినాలు."

"పెండ్లి పద్దెనిమిదో తేదీ గదా. పదిహేడున రా. ఆగతాను."

"కుప్పమ్మ రేపే వస్తాది," అన్నాను.

"వస్తే రానీ," అని గాజులు పెట్టెలో తిరిగి పెట్టించి, వేరే ఎవరికీ అమ్మొద్దని చెప్పి, లోపలికి పోయింది.

ఈ రోజు తొమ్మిదో తేదీ. ఎడమ చేతిలో చుక్కలు గోధుమరంగుకు తిరిగినాయి. కుడి చేతిలో ఇంకా మూడు పచ్చిగానే ఉన్నాయి. ఎనిమిది రోజులు ఉంది, చాలు.

మీ ఖాలా
అజీజాబీ